మిరప చేనుకు ఏ అక్షింతల పురుగు మేలు?

ప్రత్తిపాడు దగ్గర మిరప వేసే మా బావగారు ఫోనులో ఒక వీడియో చూశారట. ఏదో దేశంలో డబ్బా మూత తీసి వందల కొద్దీ అక్షింతల పురుగులను (లేడీబర్డ్‌లను) మొక్కల మీద గుమ్మరిస్తున్నారు. "మన చేలో ఉన్నవి పెసరగింజంత. ఇవి కందిగింజంత ఉన్నాయి. తెప్పిస్తే పేనుబంక పీడ వదలదూ?" అని అడిగారు.

వీడియోలోది హార్లెక్విన్ అనే రకమో కాదో నాకు తెలియదు కానీ, ఆ మాట వినగానే నాకు తట్టింది అదే. చైనా, జపాన్, కొరియా వైపు పురుగు. పేనుబంకను, అంటే మొక్కల రసం పీల్చే చిన్న పురుగులను, తినడంలో దానికి సాటి తక్కువ. అమెరికాలో 1916 నుంచే వదిలి చూశారు, 1988 నాటికి అక్కడ పాతుకుపోయింది. ఐరోపాలోనూ పేనుబంక కోసమే వాడారు. తిండి ఒక్కటే లెక్కయితే మన చేలోని పురుగు దాని ముందు నిలవదు, ఒప్పుకుంటాను.

చిక్కంతా ఆ తిండితోనే. పేనుబంక తరిగిపోగానే అది ఇతర అక్షింతల పురుగుల గుడ్లమీద, పిల్ల పురుగులమీద పడుతుంది. మనవీ సాధువులేమీ కావు. ఆకలేస్తే సొంత జాతి గుడ్లనే నమిలేస్తాయి. అయితే హార్లెక్విన్‌తో పోరు సమానుల మధ్య జరిగేది కాదు. దాని పిల్ల పురుగు ఒంటినిండా ముళ్లు, గుడ్లలో విషపు రసాయనాలు. స్థానిక జాతి పిల్ల పురుగు దాని గుడ్డును తింటే ప్రాణానికే ముప్పు. అది మాత్రం స్థానిక జాతి గుడ్లను హాయిగా అరిగించుకుంటుంది. బ్రిటన్‌కు అది 2004లో చేరింది. అది వచ్చిన 5 ఏళ్లలో అక్కడి రెండు చుక్కల అక్షింతల పురుగు 44 శాతం తగ్గింది. బెల్జియంలో 30 శాతం. చలికాలం ఇళ్లలో గుంపులుగా దూరడం, ద్రాక్షగుత్తుల్లో నలిగి వైన్ రుచి చెడగొట్టడం అదనం.

అలాగని బయటి దేశం నుంచి వచ్చిందల్లా చెడ్డదనలేం. 1888లో ఆస్ట్రేలియా నుంచి కాలిఫోర్నియాకు తెచ్చిన రొడోలియా అనే అక్షింతల పురుగు అక్కడి నారింజ తోటలను నిలబెట్టింది. దాని నోరు కట్టుబడిన నోరు: ఆ తోటలను పట్టిన పొలుసు పురుగు, దాని దగ్గరి చుట్టాలు తప్ప ఇంకేదీ పెద్దగా ముట్టదు. అందుకే పురుగు పుట్టిన ఊరు చూడను నేను, దాని తిండి జాబితా ఎంత పొడవో చూస్తాను. దేన్నైనా తింటుందని ఎవరైనా గొప్పగా చెబితే అక్కడే నాకు అనుమానం.

బావగారి చేనుకు మాత్రం స్థానికమైనవే మేలని చెప్పాను. పసుపు ఎరుపు కలిసిన రెక్కలమీద నల్లటి వంకరగీతలవి, ఎర్రటి రెక్కలమీద అడ్డపట్టీలవి ఎలాగూ అక్కడే ఉన్నాయి. వాటిని మనమే చంపుకుంటున్నాం, వారం తిరగకుండా మందు కొట్టి. ఒక్క మాట దాచకూడదు: 2021లో గుంటూరు మిరపను ముంచిన నల్ల తామర పురుగును ఇవి అదుపు చేస్తాయని ఆశ పెట్టుకోవద్దు. వీటి అసలు తిండి పేనుబంక. చేను చుట్టూ రెండు వరుసల అలసంద వేస్తే దానిమీద చేరే పేనుబంకను తిని ఇవి పెరుగుతాయి.

బావగారు అలసంద వేశారు. మొన్న మళ్లీ ఫోను: "ఆకు అడుగున పసుపు గుడ్లు కుప్పగా ఉన్నాయి, మన పురుగువేనా?" ఏ ఆకు అని అడిగితే పెరటి వంగ అన్నారు. వంగ ఆకును జల్లెడ చేసే పురుగునూ మనవాళ్లు అక్షింతల పురుగనే పిలుస్తారు. గుడ్లూ అచ్చం అలాగే ఉంటాయి. పిల్లలు బయటికి వచ్చేదాకా ఆగమన్నాను. మొసలి పిల్లలా నల్లగా సాగి ఉంటే వదిలేయాలి, పసుపుపచ్చగా ఒంటినిండా ముళ్లతో ఆకును గీకుతుంటే ఏరి నలిపేయాలి.