గొడవలో పడ్డ సినిమాకి కోర్టు మేలా, కత్తెర మేలా?

ఏదో ఒక సినిమా మీద రచ్చ మొదలైన ప్రతిసారీ మా ఆదివారం బృందంలో ఇదే ప్రశ్న లేస్తుంది. విశాఖ ద్వారకానగర్‌లో ఒక చిన్న హాల్లో నెలకు రెండుసార్లు కలుస్తాం. ఆ మధ్య చూసిన సినిమాల గురించి టీ తాగుతూ మాట్లాడుకుంటాం. ఆంధ్ర యూనివర్సిటీలో లా చదివే పిల్లలు కూడా నలుగురైదుగురు వస్తారు. "ఆ నాలుగు సీన్లూ తీసేసి రిలీజ్ చేసుకుంటే సరిపోయేది కదా మేస్టారూ, కోర్టుల చుట్టూ తిరగడం దేనికి?" అని ఒకరు మొదలుపెడతారు. ఇంకొకరు దానికి ఎదురు తిరుగుతారు. పోయిన నెల ఈ వాదన తెగక, హాలుకు తాళం పడ్డాక బీచ్ రోడ్డుకి వెళ్లి, మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని రాత్రి పది దాకా నిలబడే మాట్లాడుకున్నాం. అక్కడ సగం సగం చెప్పింది తీరిగ్గా రాసిస్తానని మాటిచ్చాను.

సెన్సార్ బోర్డు ఏం చేస్తుందో, యూ, యూఏ, ఏ అంటే ఏమిటో మీకు తెలిసిందే. నేను మాట్లాడేది ఆ తర్వాత వచ్చే ఇబ్బంది గురించి. బోర్డు సర్టిఫికెట్ ఇచ్చేసింది. పోస్టర్లు పడ్డాయి. అప్పుడు ఎవరో మా మనోభావాలు దెబ్బతిన్నాయంటారు, ప్రభుత్వం భయపడుతుంది, ప్రదర్శన ఆగుతుంది. ఆ రోజున నిర్మాత ముందు ఉండే దారులు ప్రధానంగా రెండే. ఒకటి, అడిగిన చోటల్లా కోసిచ్చి బయటపడటం. రెండు, కోర్టుకి వెళ్లడం.

ముందు కోతకు ఒప్పుకునేవాళ్ల వైపు నుంచి చూద్దాం, ఎందుకంటే వాళ్లని పిరికివాళ్లని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఉత్తరాంధ్ర హక్కులు కొని సినిమాలు ఆడించే ఒకాయన నాకు చాలా ఏళ్లుగా పరిచయం. ఆయన లెక్క చాలా సూటిగా ఉంటుంది. శుక్ర, శని, ఆది, ఈ మూడు రోజుల్లో రావలసింది రాకపోతే నాలుగో రోజు నుంచి ఎదురు పెట్టుబడే. థియేటర్ రెంట్ ఆగదు, తెచ్చిన డబ్బుకి వడ్డీ ఆగదు. సినిమా ఆగిన రోజున స్కూటర్ స్టాండు కుర్రాడికి, క్యాంటీన్లో సమోసాలు వేసేవాళ్లకి కూలి ఉండదు. "తీర్పు ఎప్పుడో వస్తుందండీ, అప్పటికి జనం ఇంకో సినిమాకి వెళ్లిపోతారు" అంటాడాయన. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

2013లో 'విశ్వరూపం' సంగతి చూడండి. తమిళనాడులో విడుదలకు రెండు రోజుల ముందు నిషేధం పడింది. కమల్ హాసన్ కోర్టుకెళ్లారు. మద్రాస్ హైకోర్టులో ఒక న్యాయమూర్తి రాత్రిపూట నిషేధాన్ని ఆపితే, మర్నాడే ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచి ఆ నిషేధాన్ని మళ్లీ నిలబెట్టింది. ఆస్తి మొత్తం ఆ సినిమా మీద పెట్టానని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. చివరికి అభ్యంతరం చెప్పిన ముస్లిం సంఘాలతో కూర్చుని మాట్లాడి, ఏడు చోట్ల మార్పులకు ఒప్పుకుంటే ఫిబ్రవరి 7న అక్కడ బొమ్మ పడింది. మనకు ఇక్కడ తెలుగులో జనవరి 25నే వచ్చేసింది. ఆ వారంలోనే విశాఖలో నేను చూశాను. అదే సినిమా, అదే దేశం, మధ్యలో ఒక్క రాష్ట్ర సరిహద్దు. ఇక్కడ మేం విన్న మాటలు కొన్ని చెన్నైలో రెండు వారాల తర్వాత కూడా వినపడలేదు. కమల్ స్థానంలో ఉంటే నేనూ సంతకం పెట్టేవాణ్ణేమో. కానీ ఆ ఏడు మార్పులు ఎందుకు అవసరమయ్యాయో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. అవి న్యాయమైనవో కాదో ఎప్పటికీ తేలకుండానే ఆ అధ్యాయం ముగిసిపోయింది.

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. అది నాకు పుస్తకాల్లో దొరికింది కాదు, జగదాంబ సెంటర్ దగ్గర ఒక థియేటర్ గేటు ముందు తెలిసింది. పేరు చెప్పను, ఆ థియేటర్ వాళ్ల తప్పు అందులో ఎంతో నాకు తెలియదు. ఫస్ట్ షోకి టికెట్లు ముందురోజే తీసుకుని వెళ్లాం. గేటు దించేసి ఉంది. బుకింగ్ కిటికీ అద్దం మీద నోటుబుక్కులోంచి చింపిన కాయితం ఒకటి అతికించారు. నీలం ఇంకుతో 'షో క్యాన్సిల్' అన్న రెండే మాటలు. సంతకం లేదు, తేదీ లేదు, కారణం లేదు. లోపలున్న పెద్దాయన డబ్బులు లెక్కపెట్టి తిరిగి ఇచ్చేశాడు. ఎవరు ఆపమన్నారని అడిగితే, "పైనుంచి ఫోనొచ్చింది బాబూ, నన్నింకేం అడక్కండి" అన్నాడు. ఎవరి ఫోనో, ఏ ఆర్డరో అడగడానికి ఎక్కడికెళ్లాలో కూడా నాకు అర్థం కాలేదు. సినిమా చూడలేకపోయానన్న బాధ రెండు రోజుల్లో పోయింది. ఆ కాయితం మీద కారణం లేకపోవడం మాత్రం ఇన్నేళ్లైనా నన్ను వదల్లేదు.

అందుకే ఏది మేలని అడిగితే నేను చూసేది ఒక్కటే. ఏ దారిలో కారణం కాగితం మీదికి వస్తుంది? ఆ కాగితం రేపు ఇంకొకడికి పనికొస్తుందా?

దీనికి మొదట చెప్పుకోవలసింది 1989 నాటి రంగరాజన్ కేసు. 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ సినిమా రిజర్వేషన్ల మీద తీసినది. బోర్డు యూ సర్టిఫికెట్ ఇచ్చింది. మద్రాస్ హైకోర్టు దాన్ని రద్దు చేసింది. సుప్రీంకోర్టు ఆ రద్దుని కొట్టేస్తూ, ఊరేగింపులు చేస్తాం, గొడవ చేస్తాం అన్న బెదిరింపు ఉన్నంతమాత్రాన భావప్రకటనను అణిచేయకూడదంది. గొడవ చేస్తామన్నవాళ్లను అదుపు చేయలేమని ప్రభుత్వం చేతులెత్తేయడానికి వీల్లేదంది. ప్రమాదం ఎక్కడో దూరాన ఊహల్లో ఉంటే చాలదు, మందుగుండు పీపాలో పడ్డ నిప్పురవ్వంత దగ్గరగా ఉండాలంది. సినిమాని తూచేది కూడా అతి సున్నితమైన మనిషి కళ్లతో కాదు, మామూలు ఇంగితం ఉన్న మనిషి కళ్లతో. ఆ సినిమాను ఇవాళ గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. తీర్పు మాత్రం ఆ తర్వాత వచ్చిన ఎన్నో సినిమాలకు అండగా నిలబడింది.

అలా అండ దొరికినవాటిలో ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. 2006లో 'ద డావిన్సీ కోడ్' వచ్చింది. బోర్డు పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్ ఇచ్చి, ఇది కల్పిత కథ అన్న ప్రకటన వేయించింది. కొన్ని క్రైస్తవ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద రాష్ట్రమంతటా ప్రదర్శన ఆపేసింది. అప్పుడు కోర్టులో కేసు లక్ష్మీ గణేశ్ ఫిలింస్ పేరు మీద నడిచింది. హైకోర్టులో జస్టిస్ గోడా రఘురామ్ ఆ జూన్ నెలలోనే నిషేధాన్ని కొట్టేశారు. వచ్చిన అభ్యంతరాలను ముందు పెట్టుకుని నిషేధించారే తప్ప, సినిమా చూసి సొంతంగా ఒక అభిప్రాయానికి వచ్చి కాదన్నది ఆ తీర్పులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. సినిమా చూడకుండా సినిమా ఆపకూడదు. ఎంత మామూలు మాట! అయినా ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కి ఆ కారణం చూపించమని అడిగితేనే అది బయటపడింది. అదే రోజుల్లో తమిళనాడు నిషేధాన్ని కూడా మద్రాస్ హైకోర్టు కొట్టేసింది. మా డిస్ట్రిబ్యూటర్ పరిచయస్తుడికి నేను ప్రతిసారీ గుర్తుచేసేది ఈ కేసే. ఇక్కడ ఏళ్లు పట్టలేదు, వారాల్లో తేలిపోయింది.

2011లో 'ఆరక్షణ్' ఉత్తరప్రదేశ్, పంజాబ్‌తో పాటు మన దగ్గరా ఆగింది. విడుదలైన వారంలోనే సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ నిషేధాన్ని కొట్టేసింది. వాడింది ఆ 1989 తీర్పునే. రిజర్వేషన్ల మీద తీసిన ఒక చిన్న తమిళ సినిమా కోసం ఎవరో పడ్డ శ్రమ, ఇరవై రెండేళ్ల తర్వాత రిజర్వేషన్ల మీదే తీసిన ఒక పెద్ద హిందీ సినిమాని కాపాడింది. కత్తెరకు ఒప్పుకుని ఉంటే ఇది జరిగేదా?

కత్తెరకు ఒప్పుకుంటే గొడవ చల్లారుతుందన్న నమ్మకం కూడా ఎప్పుడూ నిజం కాదు. 'పద్మావత్' వాళ్లు 2017 డిసెంబర్ 1 నాటి విడుదలని వాయిదా వేసుకున్నారు. పేరు 'పద్మావతి' నుంచి మార్చుకున్నారు. ఒక పాటలో నడుము కనపడకుండా గ్రాఫిక్స్‌తో కప్పారు. ప్రకటనలు చేర్చారు. ఇంత చేసినా రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, హర్యానా ఆ సినిమా వద్దన్నాయి. చివరికి 2018 జనవరి 18న ఆ నిషేధాల మీద స్టే ఇచ్చింది సుప్రీంకోర్టే. వారం తిరిగేసరికి సినిమా విడుదలైంది. అడిగింది ఇచ్చిన కొద్దీ అడిగేవాళ్లు పెరిగారు తప్ప తగ్గలేదు.

ఇంకో రకం కోత ఈమధ్య ఎక్కువైంది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఎవరూ ఆర్డర్ ఇవ్వకముందే నిర్మాతలే కోసేసుకోవడం. 2025 మార్చి 27న మలయాళ సినిమా 'ఎల్2: ఎంపురాన్' విడుదలైంది. వారం తిరక్కుండా 24 చోట్ల మార్చి మళ్లీ వేశారు, విలన్ పేరుతో సహా. మొదటి రోజుల్లో చూసినవాడు ఒక సినిమా చూశాడు, తర్వాత వెళ్లినవాడు ఇంకొకటి చూశాడు. బోర్డు కోస్తే కనీసం ఏం కోశారో రికార్డు ఉంటుంది. పాత సర్టిఫికెట్ల మీద, కోతలు పడ్డ సినిమా అయితే ఎడమవైపు కింద మూలలో చిన్న త్రికోణం ఉండేది. సినిమాకి ముందు తెర మీద ఆ పత్రం కనిపించే పది క్షణాల్లో నేను ఇప్పటికీ ముందు ఆ మూలకే చూస్తాను. స్వచ్ఛందం అని పేరు పెట్టిన కోతలో, వద్దన్నదెవరో ఆ పేరు మీకెక్కడా దొరకదు.

కోర్టు దారిలో కష్టాలు లేవని అనను. 'పద్మావత్'కి సుప్రీంకోర్టు ఆర్డర్ వచ్చాక కూడా కొన్ని రాష్ట్రాల్లో మల్టీప్లెక్సులు వేయడానికి ముందుకు రాలేదు. తీర్పు తలుపు తాళం తీస్తుంది, లోపలికి నడవాల్సింది మనుషులే కదా. 2016లో 'ఉడ్తా పంజాబ్' వాళ్లు బాంబే హైకోర్టులో ఒక్క కోతతో గెలిచారు. తీరా విడుదలకు రెండు రోజుల ముందు సినిమా నెట్లోకి లీకైపోయింది. దీనికి తోడు 2021 ఏప్రిల్‌లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌ని ఎత్తేశారు. బోర్డు నిర్ణయం నచ్చకపోతే ఇదివరకు తక్కువ ఖర్చుతో అక్కడికి వెళ్లేవాళ్లు, ఇప్పుడు నేరుగా హైకోర్టే. పెద్ద సంస్థకి ఇది పెద్ద విషయం కాదు. అప్పు చేసి మొదటి సినిమా తీసిన కుర్రాడికి లాయరు ఫీజే ఒక షెడ్యూల్ ఖర్చంత. ట్రిబ్యునల్ పోవడం చిన్న సినిమాకి జరిగిన పెద్ద నష్టమని నేను గట్టిగా నమ్ముతాను.

మిగతా దారులు కూడా కొందరు అడుగుతుంటారు. నేరుగా ఓటీటీలో వేసుకోవచ్చు కదా అంటే, 2024 జనవరిలో తమిళ సినిమా 'అన్నపూరణి'ని అభ్యంతరాలు రాగానే నెట్‌ఫ్లిక్స్ తీసేయడం చూశాం. అక్కడ గేటు ముందు నిలబడి అడగడానికి మనిషి కూడా ఉండడు. కాలం మారేదాకా ఆగొచ్చు కదా అంటే, ఎమర్జెన్సీలో ఆగిన 'ఆంధీ' 1977లో ప్రభుత్వం మారాక మళ్లీ వచ్చింది నిజమే, కానీ ప్రభుత్వాలు మారడం నిర్మాత చేతిలో లేదు.

ఇక మా పిల్లలకి నా జవాబు. స్తోమత ఉన్నవాడు కోర్టుకే వెళ్లాలి, తన సినిమా కోసమే కాదు, తర్వాత వచ్చేవాడి కోసం కూడా. స్తోమత లేక కోతకు ఒప్పుకోక తప్పనివాడిని నేను తప్పుపట్టను. కానీ ఒక్క పని మాత్రం మానొద్దంటాను. ఏ అభ్యంతరమైనా, ఎవరిదైనా, నోటిమాటగా తీసుకోవద్దు. కలెక్టరాఫీసు నుంచి వచ్చినా, సంఘం నుంచి వచ్చినా, థియేటర్ యజమాని చెప్పినా, ఏ సీనులో ఏ మాటకి అభ్యంతరమో రాసిమ్మని అడగాలి. చట్టం ఏదో చెప్పమనాలి. సినిమా చూశారా లేదా అన్నది కూడా ఆ కాగితం మీదే రాయమనాలి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే, రేపు డబ్బు కూడిన రోజున కోర్టులో పెట్టడానికి ఒక కాగితమైనా ఉంటుంది.

ఈ నెల రెండో ఆదివారం మేం సినిమా గురించి మాట్లాడుకోం. 1989 తీర్పు, 2006 తీర్పు, రెండూ జిరాక్స్ తీయించాను. పిల్లలు తలా కొన్ని పేజీలు తెలుగులో చెప్పడానికి ఒప్పుకున్నారు. మా డిస్ట్రిబ్యూటర్‌ని కూడా పిలిచాను, ఆయన లెక్కల పుస్తకంతో వస్తానన్నాడు. టీ ఐదు గంటలకు.