గుంజని పాత బండి: కార్బురేటర్ కడిగించాలా, సామాను మార్చాలా, బోరు చేయించాలా?

ఎండాకాలం హన్మకొండ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టిన పాత స్ప్లెండరో, ప్యాషనో హుజూరాబాద్ దాకా బాగానే వస్తుంది. అక్కడ గుంజుడు తగ్గి, రెండు మూడుసార్లు మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది. ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాదు. అరగంట నీడన పెడితే మళ్లీ మామూలుగానే అందుకుంటుంది. ఇలాంటి బండికి మూడు సలహాలు వినిపిస్తాయి: కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) కడిగించు, కాయిల్ (ప్లగ్గుకు కరెంటు తయారుచేసే తీగచుట్ట) మార్చు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) పోయింది ఇంజన్ దింపు. మూడింటి ఖర్చుకూ పొంతన లేదు. బోరు పని చిట్టచివరిది. అక్కడిదాకా పోవాలో వద్దో తేల్చే పరీక్షలు చాలావరకు ఇంటి ముందే, ఒక ప్లగ్గు పానా, ఒక స్క్రూడ్రైవర్‌తో అయిపోతాయి.

బండి ఆగిన చోటనే చూస్తే సగం సంగతి తెలుస్తుంది. చల్లారిన తర్వాత మెకానిక్ దగ్గరికి తోసుకుపోతే అక్కడ అది చక్కగా స్టార్టవుతుంది, రోగం దొరకదు. కాబట్టి ఆగిన వెంటనే ముందు ట్యాంకు మూత తీయండి. సుయ్‌మని గాలి లోపలికి పోయి, కొద్ది నిమిషాల్లో బండి అందుకుంటే తప్పు మూతలోని గాలి రంధ్రానిది. పెట్రోలు దిగుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దుమ్ముతో, తుప్పుతో రంధ్రం పూడితే పెట్రోలు కిందికి దిగడం ఆగిపోతుంది. కాసేపు ఆగితే సందుల్లోంచి గాలి చేరి మళ్లీ దిగుతుంది. అచ్చం వేడికి కాయిల్ చచ్చినట్టే కనిపించే లక్షణం ఇది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కాయిళ్లు మార్చించుకున్న బండ్లు ఎన్నో.

మూత తీసినా లాభం లేకపోతే ప్లగ్గు తీసి కరెంటు చూడాలి. విప్పిన ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని లోహపు భాగాన్ని సిలిండర్ హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టాలి. ప్లగ్గు రంధ్రం ముందు పెట్టొద్దు, అక్కడి నుంచి పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది, అంటుకుంటుంది. చిటచిటమని నీలం మెరుపు వస్తే కరెంటు బాగున్నట్టే. ఎర్రగా, నీరసంగా వస్తే, లేదా అసలు రాకపోతే పెట్రోలు వైపు వెతకడం దండగ.

ప్లగ్గు విషయంలో శుభ్రం చేయడమా, మార్చడమా అన్న చర్చే అవసరం లేదు. రెండు వందల లోపు సామాను, కొత్తది వేయండి. బండి మాన్యువల్‌లో ఉన్న నంబరే తీసుకోవాలి, గ్యాప్ కూడా అందులో ఉన్నట్టే పెట్టాలి. పాత వంద సీసీ బండ్లకు సాధారణంగా 0.6 నుంచి 0.7 మి.మీ. ఉంటుంది. పాత ప్లగ్గును మాత్రం పారేయకుండా రంగు చూడండి. లేత గోధుమ రంగుంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ: చోక్ మూసుకుని ఉంది, లేదా ఎయిర్ ఫిల్టర్ పూడింది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలో, జిన్నింగ్ మిల్లుల చుట్టూ తిరిగే బండ్లకు ఇది మామూలు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో గాలి చొరబడుతోంది. జిడ్డు నలుపు ఒక్కటే ఇంజన్ లోపలి అరుగుదలకు గుర్తు.

కరెంటు బాగుండి బండి గుంజకపోతే కార్బురేటర్ కింది డ్రైన్ స్క్రూ వదులు చేసి, పెట్రోలును తెల్ల సీసాలోకి పట్టండి. ధార ఆగకుండా రావాలి. మొదట బాగా వచ్చి తర్వాత చుక్కలుగా పడితే కాక్ (ట్యాంకు కింది పెట్రోలు కుళాయి) లోపలి జాలీ పూడింది. సీసా అడుగున నీటి బుడగలు కనిపిస్తే ట్యాంకులో నీళ్లున్నాయి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే విడిపోయి అడుగున చేరుతుంది. పాత బండ్ల రబ్బరు పైపులు, రింగులు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు, ఉబ్బుతాయి, పెళుసవుతాయి.

ఇక కార్బురేటర్ కడగాలా, కొత్తది వేయాలా? బండితో వచ్చిన ఒరిజినల్ బాడీ బాగుంటే కడిగి, రిపేర్ కిట్ వేయడమే మేలు. తక్కువ ధరకు దొరికే కొత్త కార్బురేటర్లలో జెట్ల (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల) కొలతలు సరిగ్గా ఉండవు. స్టార్ట్ బాగానే అవుతుంది కానీ, మైలేజీ పోతుంది, పికప్పూ రాదు. కడిగేటప్పుడు ముందు గాలి స్క్రూను మెల్లగా మూస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి. మళ్లీ అన్నే చుట్లు వదలాలి, ఎక్కువ బండ్లకు ఒకటిన్నర నుంచి రెండు చుట్లు. రబ్బరు రింగులు, ఫ్లోట్ (లోపల పెట్రోలు మీద తేలే బుడ్డి) తీసిన తర్వాతే క్లీనర్ కొట్టాలి. జెట్లలో ఇనుప తీగ పెట్టొద్దు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే చాలు. స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) వేలికి గడగడ ఆడుతుంటే, దానికి వేలాడే సూది ఒకవైపు అరిగి ఉంటే మాత్రం ఎన్నిసార్లు కడిగినా ఫలితం ఉండదు. అప్పుడు ఒరిజినల్ కంపెనీదే కొత్తది కొనాలి. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య జాయింట్ దగ్గర గాలి చొరబడుతోందా అన్నది, బండి నడుస్తుండగా అక్కడ కొంచెం నీళ్లు చిలకరిస్తే తెలుస్తుంది. ఇంజన్ శబ్దం మారితే అక్కడి రింగు మార్చాలి.

కరెంటు రాని బండికి నేరుగా సీడీఐ (ప్లగ్గుకు సరైన సమయంలో కరెంటు పంపించే ఎలక్ట్రానిక్ డబ్బా) కొనొద్దు. ముందు ప్లగ్ క్యాప్ విప్పి, వైరు చివర నల్లబడిన అర సెంటీమీటరు కోసి మళ్లీ బిగించండి. తర్వాత తాళం స్విచ్ చూడాలి. పాత హీరో హోండా బండ్లలో నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరు స్విచ్ ద్వారా బాడీకి తగిలితే ఇంజన్ ఆగుతుంది. వానలో స్విచ్ లోపల తడి చేరితే తాళం తిప్పినా ఆ వైరు తగులుతూనే ఉంటుంది. సీడీఐ దగ్గర ఆ వైరు విడదీస్తే కరెంటు వస్తే స్విచ్చే దోషి. (అప్పుడు తాళంతో ఇంజన్ ఆగదు, గేరులో పెట్టి బ్రేకు మీద ఆపాలి.) సీడీఐని అదే మోడల్ మరో బండి నుంచి తెచ్చి పెట్టి చూడటమే నమ్మదగిన పరీక్ష. చల్లగా ఉన్నప్పుడు కరెంటు వచ్చి, కాక ఎక్కగానే పోతే మ్యాగ్నెట్ లోపలి కాయిల్ మీద, ఇగ్నిషన్ కాయిల్ మీద అనుమానం పెట్టుకోవాలి. వేడికి లోపలి తీగ చుట్ల మధ్య సంబంధం తెగుతుంది. దాన్ని బాగుచేయించే కన్నా మార్చడమే మేలు.

కరెంటు, పెట్రోలు రెండూ బాగుండి, అయినా కాక ఎక్కితే గుంజకపోతే అందరూ బోరు అంటారు. దానికంటే ముందు ట్యాపెట్లు (సిలిండర్ దారులు తెరిచి మూసే వాల్వులకూ, వాటిని నొక్కే రాకర్లకూ మధ్య గ్యాప్ పెట్టే స్క్రూలు) చూడాలి. గ్యాప్ బొత్తిగా లేకపోతే ఇంజన్ వేడెక్కి వాల్వు సాగినప్పుడు అది పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఒత్తిడి) లీకవుతుంది, బోరు పోయిన బండిలాగే నడుస్తుంది. ఇంజన్ రాత్రంతా చల్లారిన తర్వాత, పిస్టన్ పైకొచ్చి మ్యాగ్నెట్ మీది టీ గుర్తు కుదిరి, రెండు రాకర్లూ వదులుగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో సరిచేయాలి. ఈ తరగతి బండ్లకు మాన్యువల్‌లో అది 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉంటుంది.

అయినా మార్పు లేకపోతే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఐదారు కిక్కులు కొట్టి అంకె రాసుకోవాలి. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టాలి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు కూర్చోవడం లేదు, హెడ్డు విప్పి వాల్వు లాపింగ్ (వాల్వు సరిగ్గా కూర్చునేలా నూరడం) చేయిస్తే సరిపోతుంది, బోరు జోలికి పోనక్కర్లేదు.

బోరు తేలిన తర్వాత రింగులు మాత్రమే మార్చుదామన్న మాటకు ఒప్పుకోవద్దు. కోడిగుడ్డులా అరిగిన సిలిండర్‌లో కొత్త రింగు గుండ్రంగా ఆనదు, కొద్ది నెలల్లో మళ్లీ పొగ. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. మెట్లలో దొరుకుతాయి. పిస్టన్ ముందే కొని లేత్ షాపులో ఇవ్వండి, దాని కొలతకు బోరు వేయించాలి. చివరి సైజు దాటిన సిలిండర్ అయితే కొత్త బ్లాకు, పిస్టన్ కిట్టే దారి. అంత ఖర్చు పెట్టే ముందు ఆర్సీ చూసుకోండి. 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. బోరు చేయించాక మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటకుండా, ఇద్దరిని ఎక్కించుకుని గుట్టలెక్కించకుండా నడిపి, ఆ వెంటనే ఆయిల్ మార్చాలి.