హనోయ్ పాత బస్తీలో కాఫీ టూర్: వెళ్లాలా, వద్దా?

వియత్నాం రాజధాని హనోయ్‌లో కాఫీ తాగడానికి గైడ్ అక్కర్లేదు. పాత బస్తీలో ఏ సందులోకి తిరిగినా ఓ కాఫీ కొట్టు, దాని ముందు మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్లు ఉండనే ఉంటాయి. "మరి డబ్బులిచ్చి ఒకడి వెనకాల తిరగడమెందుకురా?" అని బుక్ చేసేముందే అమ్మ అడిగింది. నా లెక్క ఇది: కాఫీ కోసమే అయితే వద్దు. ఒక కాఫీకీ ఇంకో కాఫీకీ మధ్య నడిచే సందుల కోసమైతే వెళ్లాల్సిందే.

ఈ టూర్లలో రెండు రకాలున్నాయి. హోటల్ కౌంటర్లో అంటగట్టేది పెద్ద గుంపుతో సాగుతుంది. గైడ్ జెండా ఎత్తుకుని నడుస్తుంటే నాలుగైదు కఫేలు చుట్టేస్తారు, ఎక్కడా పది నిమిషాలు కూర్చోనివ్వరు. రెండోది అయిదారుగురితో నడిపేది. మేం రెండోదే ఎంచుకున్నాం. గైడ్ అదే పేటలో పుట్టిపెరిగిన అమ్మాయి. బుక్ చేసేముందు గైడ్ ఏ పేట మనిషో అడగండి. అన్నిటికంటే తేడా తెచ్చేది అదే.

పొద్దున్నే హోన్ కియెమ్ సరస్సు దగ్గర మొదలైంది. పెద్దవాళ్ల వ్యాయామాలు, ఎర్ర చెక్క వంతెన, దాని అవతల న్గోక్ సన్ గుడి. బాగుంటాయి కానీ వీటికి గైడ్ దేనికి? ఆ అమ్మాయి కూడా పెద్దగా ఆగలేదు.

మొదటి కాఫీ ఫిన్‌తో. ఫిన్ అంటే గ్లాసు మీద కూర్చునే చిన్న రేకు గిన్నె, అడుగున సన్నని చిల్లులు. పొడి వేసి, పైన చిల్లుల బిళ్ల ఆనించి, ముందు కాసిని వేడినీళ్లు పోసి పొడిని నాననిస్తారు. తర్వాత నింపి మూత పెడతారు. చుక్కాచుక్కా దిగడానికి అయిదు నిమిషాల పైనే. ఇంట్లో రాత్రే డికాక్షన్ వేసిపెట్టే అమ్మకి ఇదేం వింత కాదు. వింతంతా రుచిలో. ఇక్కడ పండేదీ తాగేదీ ఎక్కువగా రోబస్టా రకం, అరబికా అనే ఇంకో రకం కంటే కెఫీన్ దాదాపు రెట్టింపు. వేపుడు కూడా మాడేదాకా వెళ్తుంది. ఆ చేదుని గ్లాసు అడుగున పోసిన కండెన్స్‌డ్ మిల్క్ ఆపుతుంది. పచ్చిపాలు సరిగా దొరకని రోజుల నుంచి వచ్చిన అలవాటట. 1857లో ఫ్రెంచ్ మిషనరీలు కాఫీ మొక్క తెచ్చారంటారు. ఇప్పుడు ఉత్పత్తిలో బ్రెజిల్ తర్వాత వియత్నామే. అమ్మ రెండు గుక్కలు తాగి "బాగుంది గానీ, ఈ పూటకి ఇంక చాలు" అంది. ఆ మాట వినాల్సింది. మూడు గంటల్లో మూడు రోబస్టాలంటే అలవాటు లేనివాళ్లకి గుండె దడే. ఇద్దరుంటే ఒక కప్పు పంచుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక అసలు సంగతి. పాత బస్తీలో చాలా వీధులకు అక్కడ అమ్మే సరుకుల పేర్లే. హాంగ్ బక్ వెండి వీధి, హాంగ్ మా పూర్వీకుల కోసం కాల్చే కాగితపు వస్తువుల వీధి. అన్ని చోట్లా ఇప్పుడు ఆ సరుకే అమ్మడం లేదు, కానీ ఈ రెండింట్లో ఇంకా ఆ వ్యాపారం కనిపిస్తుంది. హాంగ్ బక్‌లో కంసాలుల కులదైవం కొలువైన కిమ్ న్గన్ మండపం ముందు నుంచి మామూలుగా అయితే దాటిపోతాం. మా మే వీధిలో 87వ నంబరు పాత ఇంటిని టికెట్ పెట్టి చూపిస్తారు. వీధివైపు ఇరుకు, లోపలికి రైలుపెట్టెలా పొడుగు. ముందు కొట్టు, నడుమ వెలుతురు కోసం మండువా, వెనక వంటిల్లు.

అది ప్రదర్శనకి పెట్టిన ఇల్లు. ఆ తర్వాత గైడ్ తీసుకెళ్లింది జనం కాపురమున్న ఇంటికి. రెండు కొట్ల మధ్య ఓ చీకటి సందు, ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత. గోడవారన స్కూటర్లు, నెత్తిన కరెంటు మీటర్ల వరస. చివర చిన్న వాకిలి, అక్కడ కుళాయి దగ్గర ఒకామె ఆకుకూర కడుగుతోంది, మెట్ల కింద ఇంకొకరి పొయ్యి. ఒకప్పుడు ఒకే కుటుంబానిదైన ఇంట్లో ఇప్పుడు చాలా కుటుంబాలు. ఫొటోలు వద్దని గైడ్ ముందే చెప్పింది, చెప్పాలి కూడా.

బయట పేవ్‌మెంట్ మీద ఐస్ టీ అమ్మే ముసలమ్మ దగ్గర కూర్చున్నాం. టీతో పాటు పొద్దుతిరుగుడు గింజలు. అమ్మని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న వయసు. అక్క అనాలో చెల్లి అనాలో తేలాలి కదా మరి! తేలాక గైడ్ చేత మాట్లాడిస్తూ పిల్లలు, మోకాళ్ల నొప్పులు, ధరలు అన్నీ దొర్లాయి. టూర్ డబ్బులు నాకు అక్కడే గిట్టుబాటయ్యాయి.

ఎగ్ కాఫీకి కఫే గియాంగ్‌కి వెళ్లాం. న్గుయెన్ హూ హువాన్ వీధిలో 39వ నంబరు, ఇరుకు సందులోంచి లోపలికి. 1946లో మెట్రోపోల్ హోటల్లో పనిచేసే న్గుయెన్ వాన్ గియాంగ్ పాలు దొరక్క గుడ్డు పచ్చసొన గిలకొట్టి వేశాడు, అదే మొదలు. కప్పుని వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఇస్తారు. పైన చిక్కటి తియ్యటి నురగ, కింద నల్ల కాఫీ. నీచు వాసన లేదు. మన డబ్బుల్లో నూటయాభై లోపే. జనం మాత్రం విపరీతం. అదే కుటుంబానిదైన కఫే దిన్ సరస్సుకి ఎదురుగా పాత మేడ మీద ఉంది, నాకైతే అదే నచ్చింది. గుడ్డు తినని అమ్మ మామూలు కాఫీతో సరిపెట్టుకుంది.

ఇళ్ల మధ్యగా రైలు వెళ్లే ట్రైన్ స్ట్రీట్ టూర్లో ఉంటే ఆ ముక్క తీసేయమనండి. పట్టాల పక్క కఫేలను అధికారులు భద్రత పేరుతో పలుమార్లు మూయించారు. తెరిచి ఉన్నా ధర ఎక్కువ, తోపులాట. ఆ సమయం ఎర్రనది మీది లాంగ్ బియెన్ వంతెనపై నడవడానికి వాడుకోండి. 1902లో పూర్తయింది. ఈఫిల్ టవర్ ఈఫిలే కట్టాడని చాలామంది గైడ్లు చెప్తారు, కాదు, కట్టింది డేదే అండ్ పిలే అనే ఫ్రెంచ్ కంపెనీ.

బసకి పాత బస్తీయే అనువు, అన్నీ నడక దూరం. కానీ ఆ పొడుగాటి ఇళ్లలోనే చాలా హోటళ్లు కట్టారు కాబట్టి చవక గదులకి కిటికీ ఉండదు. మాకు మొదట ఇచ్చింది అలాంటిదే, "సిటీ వ్యూ" అని రాసి ఉన్నా సరే. అడిగితే కొంచెం ఎక్కువ తీసుకుని మార్చారు. బుక్ చేసేటప్పుడే కిటికీ ఉందా అని రాతలో అడగండి. బీరు వీధి తా హియెన్‌కి రెండు వీధులైనా దూరం చూసుకోండి, అర్ధరాత్రి దాకా హోరు. విమానాశ్రయం నుంచి 86 నంబరు బస్సు పాత బస్తీకే వస్తుంది. శాకాహారులు "అన్ చయ్" అని చెప్పడం నేర్చుకోండి, బోర్డు మీద "చయ్" ఉన్న భోజన హోటళ్లు చాలానే ఉన్నాయి. వేరేచోట కూరగాయల వంటలోనూ చేపల సాస్ పడుతుంది.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే హనోయ్‌కిడ్స్ అనే విద్యార్థుల బృందం ఉచితంగా ఊరు తిప్పుతుంది. వాళ్ల టికెట్లు, దారి ఖర్చులు మాత్రం మనవే. కాస్త ముందుగా రాసుకోవాలి, కాఫీ మాత్రమే కావాలంటే కుదరకపోవచ్చు గానీ, సందుల్లోకి తీసుకెళ్లమని అడిగి చూడండి.