మారేడుమిల్లి అడవిలో జీలుగు చెట్ల నడక: ఒక సమీక్ష

రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి వచ్చే పర్యాటకులలో ఎక్కువమంది జలపాతాల కోసమో, బొంగు చికెన్ కోసమో వస్తారు గనుక, అక్కడి వాగుల వెంబడి గిరిజన యువకులు దగ్గరుండి చూపించే అడవి నడకకు రావలసినంత పేరు రాలేదు. ఈ మధ్య మేము అలాంటి నడక ఒకటి చేసి వచ్చాము. రుసుముకు తగిన ఫలితం తప్పక దక్కుతుంది, కాని అది దాదాపు పూర్తిగా గైడు మీదే ఆధారపడి ఉంటుంది.

ఊరికి దగ్గరగా ఉన్నంతవరకు కనిపించేవి మనం ఎరిగిన తాటి, ఈత చెట్లే. వాటిలో ఆడ, మగ చెట్లు వేరువేరని, ముంజలు ఆడ తాటికే కాస్తాయని గైడు రెండు చెట్ల గెలలనూ చూపించి చెప్పాడు. వాలు మొదలయ్యాక మోకాలెత్తు చిట్టీత పొదలు వస్తాయి. అక్కడ ఆగవలసింది పెద్దగా లేదు.

నడకకు అసలు వన్నె తెచ్చేది జీలుగు. దీని ఆకు మట్ట ముందు రెమ్మలుగా చీలి, ఆ రెమ్మలకు మళ్ళీ చేప తోక ఆకారంలో చిరు ఆకులు వస్తాయి. తాటి, కొబ్బరి కుటుంబంలో ఇలా రెండు విడతలుగా చీలే ఆకు జీలుగు, దాని దగ్గరి జాతులు ఉన్న ఈ ఒక్క ప్రజాతికే ఉంది. ఎదుగుదల పూర్తయ్యాక ఈ చెట్టు తల దగ్గర మొదటి గెల వేసి, తరువాతి గెలలను ఒక్కొక్కటిగా కిందికి దించుకుంటూ వచ్చి, అట్టడుగు గెల పండిన తరువాత చనిపోతుంది. మేము చూసిన చెట్టుకు పై గెలలు ఎండిపోయి ఉండగా, కింది గెల మాత్రం విప్పి వదిలిన జడలా వేలాడుతోంది. గెల గీసి తీసే జీలుగు కల్లు గురించి అందరూ విన్నదే కాని, కరువు రోజుల్లో ఇక్కడి గిరిజనులైన కొండరెడ్లు ఈ మాను లోపలి గుజ్జు నుంచి తీసిన పిండితో ఆకలి తీర్చుకునేవారన్న సంగతి గైడు చెబితేనే మాలో చాలామందికి తెలిసింది. రాలిన పండ్లను పిల్లలు ఏరకుండా చూసుకోవాలి, వాటి గుజ్జు తగిలితే చర్మం విపరీతంగా దురద పెడుతుంది.

వాగు దగ్గర పేము పొదలు ఉన్నాయి. బెత్తాలకు, బుట్టలకు వాడే పేము కూడా తాటి కుటుంబపు మొక్కే అంటే నమ్మడం కష్టమే గాని, కాండాన్ని చుట్టుకున్న ముళ్ళ తొడుగును, పక్క చెట్టును కొక్కేలతో పట్టుకుని పైకి పాకే కొరడాలను దగ్గరగా చూసినప్పుడు, ఆకు తీరు వల్ల ఆ బంధుత్వం కొంత అర్థమవుతుంది. పైన మద్ది, వేగిస, ఇప్ప మాన్లు నీడ పడుతుంటే, వాటి మీదకు అడ్డ తీగ ఎగబాకి ఉంటుంది. విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఇంత లావు తీగకు కాస్తుందని, లేత చిగురు మీద ఎర్రటి నూగు ఉంటుందని చూడనివారికి తెలియదు. వేగిస బెరడు మీద పాత గాటు నుంచి కారి గడ్డకట్టిన ఎర్రని జిగురును కూడా అడిగి చూడండి.

లోపాలూ ఉన్నాయి. చెట్లకు తగిలించిన పలకల మీద శాస్త్రీయ నామాలు, ఇంగ్లీషు పేర్లు తప్ప, గైడు నోట వినిపించే పేరు ఒక్కటీ లేదు. గుంపు మరీ పెద్దది కావడంతో వెనుక నడిచినవారికి మాటలు సగమే అందాయి. నిర్వాహకులు గుంపును రెండుగా చేసి ఉంటే బాగుండేది. మధ్యలో కొందరు సందర్శకులు స్పీకరులో పాటలు పెట్టుకున్నా, వారించినవారు లేరు.

వెళ్ళదలచినవారు ఉదయపు నడకనే అడగడం మంచిది, ఎండ ముదిరాక గైడుకూ ఓపిక ఉండదు, మనకూ ఉండదు. ఈ ఏజెన్సీ (గిరిజన) ప్రాంతంలో మలేరియా ఉంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. సిగ్నలు అందని చోట ఫోను చెల్లింపులు సాగవు గనుక చేతిలో నగదు ఉంచుకోవాలి.