పాత 45 ఛేంజర్: ఆ లావుపాటి స్పిండిల్ కోసమే

రికార్డు ప్లేయర్ల గురించి రాసేవాళ్ళు ముందు శబ్దం గురించి మొదలుపెడతారు. నేను స్పిండిల్ గురించి, అంటే రికార్డు రంధ్రంలో దూరే నడిమి కడ్డీ గురించి, మొదలుపెడతాను. ఇన్నేళ్ళుగా నా పాత 45 ఛేంజర్‌ని, అంటే పేర్చిన రికార్డుల్ని ఒక్కొక్కటిగా తనే కిందికి వదిలి పాడించే ప్లేయర్‌ని, వదలకుండా రబ్బరు మార్చి, కెపాసిటర్లు మార్చి, ముల్లు మార్చి, విప్పి బిగిస్తూ వచ్చింది దాని నడిమధ్య నిలబడ్డ ఆ లావుపాటి స్పిండిల్ కోసమే.

నాది అమెరికా కంపెనీ ఆర్‌సీఏ విక్టర్ 1949లో నిమిషానికి 45 చుట్లు తిరిగే 45 రికార్డుతో పాటే బయటికి తెచ్చిన ఛేంజర్ల వంశంలోది. గోధుమరంగు బేకలైట్ పెట్టె, అందులోనే వాల్వు ఆంప్లిఫయర్, అందులోనే స్పీకరు. నాణెం వేస్తే పాడే నిలువెత్తు జ్యూక్‌బాక్సు కాదు. కానీ ఆ సుఖాన్ని ఇంట్లో బల్లమీదికి తెచ్చింది ఇలాంటివే. నచ్చిన పాటలు వరసగా పేర్చి, మీట నొక్కి, వెళ్ళి కూర్చుంటే చాలు.

రికార్డు ఎలా పడుతుందో చెప్పకుండా ఉండలేను. దొంతర మొత్తం స్పిండిల్ పైభాగంలో బయటికి పొడుచుకొచ్చిన చిన్న చిన్న మెట్ల మీద ఆగి ఉంటుంది. పాట అయిపోగానే ముల్లుని మోసే చేయి, టోన్‌ఆర్మ్, పక్కకి తప్పుకుంటుంది. స్పిండిల్ లోపలి నుంచి పల్చటి రేకులు బయటికొస్తాయి. అడుగు రికార్డుకీ దాని పైదానికీ నడుమనున్న సందులో దూరి, పై దొంతర బరువంతా అవే మోస్తాయి. ఆ వెంటనే కింది మెట్లు లోపలికి ముడుచుకుంటాయి. అడుగు రికార్డు ఒక్కటే, ఏ పక్కకీ ఒరగకుండా, బల్లపరుపుగా జారి కింద వాలుతుంది. మెట్లు మళ్ళీ బయటికి, రేకులు మళ్ళీ లోపలికి. ముల్లు వచ్చి గాడిలో దిగుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆర్‌సీఏ మొదట్లో పాటల రకాన్ని బట్టి రికార్డులకి రంగులు వేసేది. పల్లెపాటలకి ఆకుపచ్చ, శాస్త్రీయ సంగీతానికి ఎరుపు. నా దగ్గరున్న ఆకుపచ్చది నల్ల దొంతర కిందనుంచి విడివడి దిగుతుంటే తల వంచి పక్కనుంచి చూస్తాను. ఎన్నిసార్లు చూసినా విసుగు రాలేదు.

45 రికార్డుకి అంగుళంన్నర రంధ్రం ఎందుకని చాలామంది అడుగుతారు. జవాబు ఇదే. ఈ సరంజామా అంతా పట్టాలంటే స్పిండిల్‌కి అంత లావు కావాలి. సన్న స్పిండిల్ ఉన్న ఛేంజర్లలో రికార్డుని అంచు దగ్గర కూడా ఏదో ఒకటి పట్టుకోవాలి, లేదా మధ్యలో పక్కకి నెట్టాలి, రంధ్రం అరిగిపోయేది. ఇక్కడ పట్టుకోవడం, విడదీయడం, వదలడం అన్నీ నడిమధ్యే జరుగుతాయి. ఛేంజర్‌ని ముందు ఊహించి, దానికి తగ్గట్టు రికార్డుని తయారుచేశారనిపిస్తుంది.

పాతదాన్ని మళ్ళీ పాడించడానికి ఏమేం చేయాలో తెలిసినవాళ్ళకి కొత్త కాదు కాబట్టి త్వరగా దాటేస్తాను. గ్రీజు గట్టిపడి మైనంలా మారి ఉంటుంది, మొత్తం కడిగి కొత్తది రాయాలి. పాత కాగితపు కెపాసిటర్లు, ఎలక్ట్రోలిటిక్‌లు మార్చకుండా కరెంటు పెట్టకండి. ఆ కాలపు చవక బల్ల ప్లేయర్లలో చాలావాటికి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, మెయిన్స్ తీగ నేరుగా చాసిస్‌కే, అంటే లోపలి లోహపు చట్రానికే, తగిలి ఉండొచ్చు. వోల్టేజీ తగ్గించే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ ఈ ప్రమాదం నుంచి కాపాడదు, యంత్రాన్ని మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ విడిగా ఉండాల్సిందే. ఆంప్లిఫయర్ పని నేను వాల్వు రేడియోలు తెలిసిన మనిషికే అప్పగించాను. ఆయన చేసిన పనికి ఇప్పటిదాకా వంక లేదు. మోటారు తిప్పుని రికార్డు తిరిగే పళ్ళేనికి అందించే రబ్బరు అంచు ఐడ్లర్ చక్రం సంగతి వేరు. ఒకచోట తెప్పించుకున్న కొత్త రబ్బరు అసలుదానికన్నా గట్టిగా ఉండి, నెమ్మది పాటల్లో గుర్రుమనే మోత వినిపించేది. పాత చక్రానికే కొత్త రబ్బరు పోయించాక గానీ ఆ మోత తగ్గలేదు.

హెర్ట్జ్ విషయం, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందనే లెక్క, మాత్రం గట్టిగా చెప్పాలి, ఇది తెలియక చాలామంది యంత్రం పాడైందనుకుంటారు. ఈ మోటార్లు 60 హెర్ట్జ్ కరెంటుకి చేసినవి. వాటి వేగం ప్రధానంగా వోల్టేజీ మీద కాదు, హెర్ట్జ్ మీద ఆధారపడుతుంది. 50 హెర్ట్జ్ ఉన్నచోట 110 వోల్టులకి దించి పెట్టినా సరే, నిమిషానికి 45 చుట్లు తిరగాల్సినది 37.5 దగ్గరే తిరుగుతుంది. గాయని శ్రుతి మూడు స్వరస్థానాలకి పైగా దిగిపోతుంది, పాట నిద్రమత్తులో నడిచినట్టు సాగుతుంది. మోటారు ఇరుసుకి తొడుగు వేసి దాని వ్యాసాన్ని అయిదో వంతు పెంచితే లెక్క సరిపోతుంది. లేత్ మీద చేయించిన ఇత్తడి తొడుగు నాది. అది కాస్త ఒంకరగా ఉన్నా స్వరం వణుకుతుంది, కాబట్టి ఇక్కడ పొదుపు చేయకండి.

ఇంత చేశాక చాలాకాలం ఏ ఇబ్బందీ లేకుండా పాడింది. ఆ రోజుల్లో అడిగినవాళ్ళందరికీ "ఈ స్పిండిల్ ఎప్పుడూ తప్పదు" అని చెప్పేవాణ్ణి. ఆ మాటని ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

మొదట పాట మళ్ళీ మళ్ళీ రావడం మొదలైంది. టోన్‌ఆర్మ్ పక్కకి వెళ్తుంది, లోపల టక్కుమని చప్పుడవుతుంది, రికార్డు మాత్రం పడదు. ముల్లు తిరిగొచ్చి కిందున్న పాత రికార్డు మీదే వాలుతుంది. కొన్నిసార్లు రికార్డు ఒకవైపు విడివడి, రెండోవైపు పట్టుకుపోయి, స్పిండిల్ మీద ఏటవాలుగా వేలాడేది. టోన్‌ఆర్మ్ ఆ అంచుకి తగిలి ఆగిపోయేది. ముల్లు ఎక్కడ విరుగుతుందోనని పరుగెత్తుకొచ్చి చేత్తో ఎత్తేవాణ్ణి.

కారణం వెతకడానికి కొంత కాలం పట్టింది. రికార్డుల్లో ఏదో వంకర ఉందనుకుందామంటే, నిన్న పడనిది ఇవాళ పడేది. దొంతర బరువెక్కువైందా అని తగ్గించి చూశాను, రెండే రికార్డులు పెట్టినా అదే వరస. దారి చూపింది మరో సంగతి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయించేది. పెట్టె మూత వేసి, వాల్వులు బాగా వేడెక్కేదాకా పాడించాక తనంతట తనే సర్దుకునేది. వేడికి వదులై చలికి బిగుసుకునేది యంత్రంలో ఏముంటుంది? ఎండిన నూనె. అది చేరకూడని చోటు స్పిండిల్ లోపల.

పై టోపీ తీసి చూస్తే అనుమానం నిజమే. నా దగ్గరికి రాకముందు ఎవరో మరమ్మతు చేసినవాళ్ళు రేకులు జారే కాలవల్లో ధారాళంగా నూనె కొట్టి వదిలారు. ఆ నూనె దుమ్ముని పీల్చుకుని తేనెరంగు బంకగా మారింది. రేకుల్లో ఒకటి మాత్రం ఆలస్యంగా, అయిష్టంగా బయటికొస్తోంది. రికార్డు బరువు చూస్తే పిసరంత. అన్నివైపులా ఒకేసారి వదలకపోతే అది ఒరిగిపోక ఏం చేస్తుంది? మీదనుంచి చూసేవాడికి స్పిండిల్ శుభ్రంగా మెరుస్తూనే ఉంది, జబ్బంతా లోపల ఉంది. నూనె కొట్టినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. రెండు చుక్కలు వేసి కదిలించి చూపిస్తే కొనేవాడు నమ్ముతాడు, ఆ బంక మాత్రం ఏళ్ళ తర్వాత గాని బయటపడదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్న కుంచెతో ప్రతి కాలవనీ కడిగాను, పళ్ళపుల్ల మొనతో మూలల్లో గీకాను. రేకుల్ని ఒక్కొక్కటే బయటికి తీసి, గుడ్డతో తుడిచి, వేలితో తోసి చూశాను. స్పిండిల్‌ని పక్కకి వాల్చితే రేకు తన బరువుకి తనే జారి బయటికి రావాలి. అదే నా పరీక్ష. మళ్ళీ ఒక్క చుక్క నూనె వేయలేదు. రేకులూ కాలవలూ పొడిగానే ఉండాలి, గ్రీజు కింద ఈ కదలికల్ని నడిపే కామ్ చక్రం దగ్గర ఉంటే చాలు. బిగించి, ఎత్తైన దొంతర పేర్చి మీట నొక్కాను. చివరి రికార్డుదాకా ఒక్కటీ తప్పలేదు. దొంతర ఖాళీ అయినా అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు.

అయినా కొన్ని రికార్డులు ఇప్పటికీ పడవు, అది స్పిండిల్ తప్పు కాదు. అప్పటి 45లని అరచేతిలో పెట్టి అంచునుంచి చూడండి. లేబులు ఉన్న మధ్యభాగం గాడుల కన్నా ఎత్తుగా ఉంటుంది. పేర్చినప్పుడు గాడులు ఒకదానికొకటి రాసుకోకుండా ఉండేది అందువల్లే. రంధ్రం చుట్టూ రేకు దూరడానికి సందు దొరికేదీ ఆ అంచు తీరుని బట్టే. తర్వాత వచ్చిన వాటిలోనూ, ఇప్పుడు కొత్తగా అచ్చు వేస్తున్న వాటిలోనూ మధ్యభాగం చదునుగా ఉన్నవి చాలా ఉన్నాయి. రెండు చదును రికార్డులు అతుక్కుని కూర్చుంటే రేకు ఎక్కడ దూరాలి? వాటిని విడివిడిగా ఒక్కొక్కటే వేసుకుంటాను. చదునువి ఒకదానిమీద ఒకటి పడ్డప్పుడు జారుతూ తిరుగుతాయి కూడా. కొన్ని పాత రికార్డులకి లేబులు చుట్టూ సన్నటి పళ్ళ వలయం ఉంటుంది, అది ఈ జారుడుని ఆపడానికే. చిన్న రంధ్రంతో వచ్చిన 45ల సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఈ స్పిండిల్ మీద వాటికి చోటే లేదు.

ఇక శబ్దం. మొదట్లో దీని వాల్వు ధ్వనిని చాలా పొగిడాను. గొంతు దగ్గరగా, నిండుగా వినిపిస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ రోజుల్లో నేను వింటున్నది కొత్త సిరామిక్ కార్ట్రిడ్జ్‌ని, అంటే ముల్లు కదలికని కరెంటుగా మార్చే ముక్కని. అసలుది రోషెల్ లవణపు స్ఫటికం. వేడికీ తేమకీ తట్టుకోలేని పదార్థం, నాది ఎప్పుడో చచ్చిపోయింది. కాబట్టి "1950ల శబ్దం ఇదే" అని నేను చెప్పకూడదు. హెచ్చు స్థాయిలో తాళాలు, గజ్జెలు ఉన్న చోట శబ్దం మసకబారుతుంది. మంచి స్పీకర్లతో వినడానికి అలవాటుపడ్డ చెవికి అరగంట తర్వాత ఆ తేడా తెలుస్తుంది. ముల్లు బరువు కూడా నేటి ప్లేయర్లతో పోలిస్తే బాగా ఎక్కువ. ఇప్పటి మంచి కార్ట్రిడ్జ్‌లు 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య నడుస్తాయి, ఇది అంత తేలిగ్గా ఉండదు. మరీ ముఖ్యంగా, మోనో కార్ట్రిడ్జ్‌తో స్టీరియో రికార్డు వేయకండి. మోనో గాడి పక్కలకి మాత్రమే ఊగుతుంది, స్టీరియో గాడి పైకీ కిందికీ కూడా ఊగుతుంది. నిలువుగా కదలలేని ముల్లు ఆ గాడిని చెక్కేస్తుంది. నేను ప్రేమించే స్టీరియో రికార్డులు దీని దగ్గరికే రానివ్వను, వాటికి వేరే ప్లేయర్ ఉంది.

దీన్ని తెచ్చుకోండని అందరికీ చెప్పలేను. నా దగ్గర పెద్ద రంధ్రపు మోనో 45లు అరనిండా ఉన్నాయి, విప్పి బిగించే ఓపిక ఉంది, ఆంప్లిఫయర్ చూసిపెట్టే మనిషి ఉన్నాడు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా నా అభిప్రాయం మారేదే. ఉన్న రికార్డులన్నీ చిన్న రంధ్రానివైనా, స్టీరియోవైనా, ఇది మీకు అందమైన పెట్టెగానే మిగిలిపోతుంది. పైన చెప్పిన మూడూ ఉన్నవాళ్ళయితే తెచ్చుకోవడానికి ఆలోచించక్కర్లేదనే అంటాను, గుర్రుమనే మోతతో సహా.

కొనేముందు అమ్మేవాళ్ళని పాట వినిపించమని అడగకండి. పాట ఎలాగో ఒకలా వస్తుంది. మూడు రికార్డులు పేర్చి, యంత్రం చల్లగా ఉన్నప్పుడే, మూడూ పడేదాకా పక్కనుంచి వీడియో తీసి పంపమనండి. రెండోది ఏమాత్రం ఒరిగినా స్పిండిల్ కడిగే పని మీకోసం ఎదురుచూస్తోందని లెక్కేసుకుని బేరమాడండి.