గ్లాసా, ఆడమ్సా: ఒపెరా కొత్తగా వినేవాళ్లకు ఎవరు మేలు?

భగవద్గీతను ఒపెరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం) వేదిక ఎక్కించిన అమెరికన్ స్వరకర్తలు ఇద్దరున్నారు. ఫిలిప్ గ్లాస్ గాంధీ కథకు, జాన్ ఆడమ్స్ అణుబాంబు కథకు గీతను తీసుకున్నారు. ఒపెరా బొత్తిగా అలవాటు లేని తెలుగువాళ్లకు నేను మొదట గ్లాస్‌నే వినమంటాను.

గ్లాస్ 1937లో బాల్టిమోర్‌లో పుట్టారు. 1960ల్లో పారిస్‌లో చదువుకుంటూ, ఒక సినిమా కోసం సితార్ విద్వాంసుడు రవిశంకర్ సంగీతాన్ని ఫ్రెంచ్ వాద్యకారులకు అర్థమయ్యేలా పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టారు. తాళం ఆవర్తంగా తిరిగే పద్ధతి అప్పుడే ఆయనకు పట్టుబడింది. 1976లో ఆయన ఒపెరా ‘ఐన్‌స్టైన్ ఆన్ ద బీచ్’ న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో హౌస్‌ఫుల్ అయింది, కానీ మిగిలింది అప్పే. మళ్లీ టాక్సీ నడిపారు. నలభై దాటితేగానీ సంగీతంతో ఇల్లు గడవలేదు. గాంధీ కథ ‘సత్యాగ్రహ’ 1980లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో తొలిసారి ఆడింది.

ఆడమ్స్‌ది ఇంత ఎగుడుదిగుడు దారి కాదు. 1947లో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, కాలిఫోర్నియా వెళ్లి సంగీత పాఠాలు చెప్పారు. ఆయన ఒపెరాల్లో ‘నిక్సన్ ఇన్ చైనా’ 1987లో, అణుబాంబు కథ ‘డాక్టర్ అటామిక్’ 2005లో వచ్చాయి.

కథ కావాలంటే మాత్రం ‘డాక్టర్ అటామిక్’ చూడాలి. 1945 వేసవి, న్యూమెక్సికో, తొలి అణుబాంబు పరీక్షకు ముందు రోజులు, గడియలు. ఆ టెన్షన్ చివరిదాకా సడలదు. విశ్వరూపం చూసి వణికిన అర్జునుడి మాటలు బృందగానంగా వస్తాయి, ఇంగ్లిష్‌లో.

‘సత్యాగ్రహ’లో గీత సంస్కృతంలోనే ఉంటుంది. వేదిక మీద దక్షిణాఫ్రికా భారతీయులు ప్రభుత్వం తమపై రుద్దిన రిజిస్ట్రేషన్ కార్డులు తగలబెడుతుంటే, గాయకులు శ్లోకాలు పాడతారు. మాట కథ చెప్పదు. అది చాలామందికి ఇబ్బంది, నిజమే. మనకు మాత్రం ఉచ్చారణ కాస్త తేడాగా ఉన్నా, తెలిసిన మాట ఒక్కోటి చెవిన పడుతూనే ఉంటుంది.

‘సత్యాగ్రహ’ ఆఖరి పాటతోనే మొదలుపెట్టండి. గాంధీ ఒక్కరే పాడతారు. ఎనిమిది స్వరాల ఆరోహణ, అదే వరస ముప్పై సార్లు. అవరోహణ లేదు. స్వరస్థానాలు మన తోడి రాగానివే, గమకాలు లేవు కాబట్టి తోడిలా వినిపించదు. గొంతు అదే మెట్లెక్కుతుంటే కింద వాద్యాలు మారుతుంటాయి. వెనక మార్టిన్ లూథర్ కింగ్ పాత్రధారి నిలబడి ఉంటారు. ఆ పాటలోని మాటలు గీత నాలుగో అధ్యాయంలోవి. ఘంటసాల గొంతులో విని పెరిగిన ‘యదా యదా హి ధర్మస్య’ అక్కడే ఉంది.