అన్నవరం పెళ్లి, పాడు లాడ్జి, మంచి డోలాయన

వెళ్లొచ్చి వారమైనా ఆ లాడ్జి మీద కోపం తగ్గలేదు. మా ఆడపడుచు కూతురి పెళ్లి అన్నవరంలో. మావాడికి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఇబ్బందేమీ రాలేదు, పై బెర్తెక్కి పడుకున్నాడు.

గది కోసం పది రోజుల ముందే ఫోన్ చేసి, ఏసీ లేకపోయినా పర్లేదు, చప్పుడు మాత్రం ఉండకూడదని చెప్పాను. "వెనకవైపు గది మేడమ్, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది" అన్నాడు మేనేజర్. 2,600 రూపాయలు ముందే పంపాం. తీరా చూస్తే గది కిందే ఫంక్షన్ హాలు. రాత్రి ఎనిమిదికి డీజే మొదలైంది. టేబుల్ మీద గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. మావాడు బీరువాకీ గోడకీ మధ్య సందులో దూరి, చల్లటి ఇనప తలుపుకి నుదురు ఆనించి, మోచెయ్యి కొరుక్కున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టినా లాభం లేదు, ఆ దరువు నేలలోంచి వస్తోంది మరి.

కిందికెళ్లి అడిగితే "పిల్లాణ్ణి కాస్త అదుపులో పెట్టుకోండి, పక్కగది వాళ్లు కంప్లైంట్ చేస్తున్నారు" అన్నాడు. వాడి యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) చూపించాను. "చూడ్డానికి బాగానే ఉన్నాడు కదమ్మా!" 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉందని చెప్పబోయాను. మా వారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయనకి కోపమొస్తే మాట పెగలదు, సామాను సర్దేస్తారు. డబ్బు పైసా తిరిగి రాలేదు.

రాత్రి పదిన్నరకి ఆటోవాడు 150 తీసుకుని వెనక వీధిలో ఒక పెద్దావిడ ఇంట్లో దింపాడు. మేడ మీద గది 900, ఏసీ లేదు, బాత్రూం బయట. ట్యూబ్‌లైటు గుయ్యిమంటుంటే మావాడు చెవులు మూసుకున్నాడు. ఆవిడ ఏమీ అడక్కుండా దాన్నార్పి జీరో బల్బు వేసింది. పెరుగన్నం తెచ్చిపెట్టి, కూర వద్దంటే సరేనంది. మా అత్తగారు మాత్రం బాత్రూం గురించి పొద్దుటిదాకా సణుగుతూనే ఉన్నారు.

పెళ్లికి ముందు రోజే ఖాళీ మండపం చూపించాం. భోజనాల హాలు, బయటికెళ్లే దారి, మేం కూర్చోబోయే చివరి కుర్చీలు ఫోన్‌లో ఫోటోలు తీసి, వరసగా నాలుగైదుసార్లు చూపించాం. ఇది మాత్రం ఎవరూ మానొద్దు. పిల్లాడికి ముద్దులు పెట్టొద్దని, "నన్ను గుర్తుపట్టావా" అని అడగొద్దని చుట్టాలకి కూడా ముందే చెప్పేయండి. మా పెద్దత్తయ్య అలిగారు, అలగనిచ్చాం.

నా భయమంతా గట్టిమేళం గురించే. శబ్దం పెద్దదైనా ముందే తెలిస్తే ఓర్చుకుంటాడు, ఉన్నట్టుండి మీద పడితేనే వాడి వల్ల కాదు. మా వారు మొహమాటపడుతూనే డోలు వాయించే ఆయన దగ్గరికెళ్లి ఈ సంగతి చెప్పారు. ఆయన "బాబు ఎక్కడ కూర్చుంటాడు?" అని మాత్రం అడిగారు. జీలకర్ర బెల్లం వేళ పురోహితుడు చెయ్యి ఎత్తే ముందే మావైపు తిరిగి పుల్ల పైకి లేపి చూపించారు. హెడ్‌ఫోన్స్ పెట్టి, వాడి చేతులు గట్టిగా నొక్కి పట్టుకున్నాను. మేళం మోగినంతసేపూ వాడు ఆ పుల్లనే చూశాడు. తాళి కట్టేటప్పుడు పుల్ల లేవగానే తనే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

కొండ మీద క్యూ చూసి దర్శనం మానేశాం. ప్రసాదం ఆకు పొట్లాన్ని తిరుగు ప్రయాణంలో వాసన చూశాడు గానీ తినలేదు.

నవంబర్‌లో మా మరిది పెళ్లి. లగ్నపత్రిక రాసే ముందే ఆ డోలాయన ఖాళీగా ఉంటారో లేదో కనుక్కోమంటున్నారు మా వారు.